ఒక బండి, నాలుగున్నర వేల లీటర్లు: చిన్న ఊరి ఫైర్ స్టేషన్‌ను సిద్ధంగా ఉంచుకోవడం ఎలా

గోదావరి డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్‌గా రిటైరయ్యాను. మా షెడ్డులో ఉన్నది ఒకే బండి. దాని ట్యాంకులో 4,500 లీటర్ల నీళ్ళు. డ్యూటీలో డ్రైవరుతో కలిపి ఐదారుగురం. పక్క స్టేషన్ నుంచి రెండో బండి రావాలంటే అరగంట, దారిలో రైలు గేటు పడితే ఇంకా ఎక్కువ. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా చిన్న ఊరి స్టేషన్ అంటే చాలాచోట్ల ఇలాగే ఉంటుంది. ట్రైనింగ్ ముగించుకుని అలాంటి స్టేషన్‌కు వెళ్ళే పిల్లల కోసం, వాళ్ళను నడిపించాల్సిన ఆఫీసర్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. నాజిల్ (గొట్టం చివర నీళ్ళు బయటికొచ్చే మూతి) వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చూసి, ఆ అంకెను దానితోనే గుణించండి. వచ్చినదాన్ని నాజిల్ దగ్గరి ప్రెషర్ వర్గమూలంతో గుణించి, అందులో మూడింట రెండు వంతులు తీసుకోండి. నిమిషానికి ఎన్ని లీటర్లు పోతున్నాయో సుమారుగా తెలుస్తుంది. 20 మి.మీ. నాజిల్, 4 కిలోల ప్రెషర్ (వర్గమూలం 2) అనుకుంటే 400 రెళ్ళు 800, అందులో మూడింట రెండు వంతులు 533 లీటర్లు. అంటే మన ట్యాంకు ఎనిమిదిన్నర నిమిషాలు కూడా రాదు. అదే ప్రెషర్‌తో 12 మి.మీ. నాజిల్ పెడితే నిమిషానికి 192 లీటర్లు. ఇరవై మూడు నిమిషాలు వస్తుంది.

కొత్తవాళ్ళ చేత ఈ లెక్క మొదటి రోజే కాగితం మీద వేయించేవాణ్ణి. మంట ముందు నిలబడ్డప్పుడు ఎవరికైనా పెద్ద నాజిలే కావాలనిపిస్తుంది. చుట్టూ జనం అరుస్తుంటారు, పెద్ద ధార కొడితే వాళ్ళకూ ధైర్యంగా ఉంటుంది. ఎనిమిది నిమిషాల తర్వాత ఖాళీ గొట్టం పట్టుకుని నిలబడాల్సి వచ్చేది మనమే. ఈ కింద చెప్పే పనులన్నీ ఆ ఎనిమిది నిమిషాల కోసమే.

మొదటి పని: తర్వాతి నీళ్ళు ఎక్కడున్నాయో రాసుకోవడం

ఒక ఏప్రిల్ చివర తాటాకు ఇళ్ళ పేట అంటుకుంది. ట్యాంకు ఖాళీ చేసి, అలవాటు కొద్దీ కాలువ గట్టుకు బండి పరిగెత్తించాం. కాలువకు నీళ్ళు ఆపేసి అప్పటికే వారం దాటింది. అడుగున బురద, గుర్రపుడెక్క తప్ప ఏమీ లేవు. అక్కడి నుంచి ఒక రైస్ మిల్లు సంపు వెతుక్కుని నీళ్ళు ఎక్కించుకుని వచ్చేసరికి రెండు వరసల ఇళ్ళు బూడిదయ్యాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారన్న సంగతి డెల్టాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. మాకూ తెలుసు. కానీ బెల్లు మోగిన క్షణంలో తెలిసిన సంగతి బుర్రలోకి రాలేదు. ఇళ్ళు ఎక్కువ తగలబడే నెలలు, కాలువలో నీళ్ళుండని నెలలు ఒకటే కావడం మా ప్రాంతపు కష్టం.

ఆ మర్నాడే నీళ్ళ రిజిస్టరు మొదలుపెట్టాం. మీరు స్టేషన్‌లో చేరిన మొదటి నెలలోనే ఇది చేయండి. కాలువ పారే నెలలకు ఒక పేజీ, కాలువ కట్టే నెలలకు మరో పేజీ విడిగా ఉండాలి. చెరువులు, రైస్ మిల్లుల సంపులు, కల్యాణ మండపాల సంపులు, మున్సిపాలిటీ ఓవర్‌హెడ్ ట్యాంకు, రైతుల మోటారు బోర్లు అన్నీ రాయండి. పేరు, దూరం రాసి ఊరుకుంటే సరిపోదు. బండి నీళ్ళకు ఎంత దగ్గరగా వెళ్ళగలదు, గట్టు బండి బరువు మోస్తుందా, నీళ్ళలోకి దించే సక్షన్ గొట్టాలు ఎన్ని కలపాలి, గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు, ఇవి కూడా రాయాలి. మున్సిపాలిటీ వాల్వు తిప్పే మనిషి నంబరు ఫోన్లు ఎత్తే మా వాచ్ రూమ్ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండేది.

లోతు తప్పకుండా కొలవండి. పంపు నీళ్ళను లాగదు. గొట్టంలో గాలి తీసేస్తే బయటి గాలి ఒత్తిడి నీళ్ళను పైకి నెడుతుంది, అంతే. లెక్క ప్రకారం అది పది మీటర్ల పైచిలుకు, పనిలోకి వచ్చేసరికి ఏడు మీటర్లు దాటితే నమ్మకం లేదు. మే నెలలో తాడుకు రాయి కట్టి, పంపు ఎత్తు నుంచి నీటి మట్టం దాకా ఎంత ఉందో చూడండి. జనవరిలో అందిన చెరువు మేలో అందకపోవచ్చు.

రొయ్యల చెరువుల గురించి ఒక మాట. భీమవరం చుట్టుపక్కల ఎక్కడ చూసినా నీళ్ళు కనిపిస్తాయి. కానీ ఆ చెరువుల్లో నీళ్ళకు గాలి కలిపే ఏరియేటర్లకు కరెంటు తీగలు ఉంటాయి. మెయిన్ ఆపించకుండా సక్షన్ గొట్టం నీళ్ళలో వేయొద్దు, కాలు అసలే పెట్టొద్దు. ఉప్పునీళ్ళు వాడితే స్టేషన్‌కు రాగానే పంపును, ట్యాంకును, గొట్టాలను మంచినీళ్ళతో కడగాలి. ఆ పని మర్నాటికి వాయిదా వేసినా తుప్పు మొదలవుతుంది.

ఊరిని నడిచి నేర్చుకోవడం

ఫైర్‌మన్‌కు తన ఊరు పోస్ట్‌మన్‌కు తెలిసినంత తెలియాలి. సెలవు లేని ఆదివారం పొద్దున్న ఇద్దరిద్దరుగా సైకిళ్ళ మీదో నడిచో వెళ్ళండి. బండి ఎత్తుకు గుర్తు పెట్టిన ఒక వెదురుకర్ర పట్టుకెళ్ళండి. వేలాడే సర్వీసు వైర్లు, గుడి ముందు ఆర్చీలు, కొత్తగా వేసిన రేకుల పందిళ్ళు కర్రకు తగిలితే బండికీ తగులుతాయి. చిన్న కల్వర్టుల దగ్గర ఆగి చూడండి. మన నీళ్ళ బరువే నాలుగున్నర టన్నులు, దానికి బండి బరువు కలుపుకోండి. సంత ఏ రోజు, తీర్థం ఎప్పుడు, రథం ఏ వీధిలో తిరుగుతుంది, వినాయక చవితి పందిళ్ళు ఎక్కడ వేస్తారు, ఆ రోజుల్లో రెండో దారి ఏది, ఇవన్నీ డ్రైవరు ఒక్కడికే తెలిస్తే చాలదు. ఆ రోజు డ్రైవరు సెలవులో ఉండొచ్చు.

నడిచేటప్పుడే మిల్లులు, గోడౌన్ల లోపలికి వెళ్ళండి. తనిఖీకి వచ్చామన్నట్టు కాకుండా, చూసి నేర్చుకుందామని వచ్చామని చెప్తే చాలామంది సంతోషంగా చూపిస్తారు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: లోపల ఏముంది? 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టైకీన్ అనే ఓడకు అంటుకున్న మంటను ఆర్పడానికి మనవాళ్ళు గంటల తరబడి నీళ్ళు కొట్టారు. ఆ ఓడలో పత్తి బేళ్ళతో పాటు పేలుడు పదార్థాలు ఉన్నాయి. ఓడ పేలిపోయి అరవై ఆరుమంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాయి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మనం జరిపే వారోత్సవాలు వాళ్ళను తలుచుకోవడానికే. ఎరువుల గోడౌన్‌లో ఏ బస్తాలున్నాయి, రొయ్యల ఐస్ ఫ్యాక్టరీలో అమోనియా వాల్వు ఎక్కడుంది, పురుగుమందుల కొట్టు వెనక గదిలో ఏం దాస్తారు, ఇవి ముందే తెలుసుకుని రాసుకోవడం వాళ్ళకు మనం ఇవ్వగల గౌరవం.

ఫోన్ ఎత్తే మనిషికి శిక్షణ

వాచ్ రూమ్‌లో కూర్చోవడం తేలిక డ్యూటీ అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో సగం పని అక్కడే గెలుస్తాం, అక్కడే ఓడతాం. 101కి ఫోన్ చేసే మనిషి వణికిపోతూ ఉంటాడు. "కొత్తపేటలో మంటలండీ, తొందరగా రండి" అని పెట్టేస్తాడు. మా పరిధిలోనే మూడు కొత్తపేటలు ఉండేవి. ఒకసారి తప్పు ఊరికి వెళ్ళి తిరిగి వచ్చాం. ఆ రోజు ఆ ఇంటి ముసలావిడ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అడగాల్సిన వరస ఇలా అలవాటు చేయండి: ఏ ఊరు, ఏ మండలం, దగ్గరలో గుడో బడో ఏముంది, తగలబడుతున్నది ఏమిటి, లోపల మనుషులున్నారా, గ్యాస్ సిలిండర్ ఉందా, మీ ఫోన్ నంబరు ఏది. చివరగా, రోడ్డు మీదకు ఒక మనిషిని పంపి బండికి చెయ్యి ఊపమనండి. రాత్రయితే సెల్‌ఫోన్ లైటు ఊపమనండి. మొదటి రెండు జవాబులు రాగానే బెల్లు కొట్టేయాలి. మిగతావి బండి కదిలాక వైర్‌లెస్‌లో చెప్పొచ్చు. నెలకు రెండుసార్లు ఎవరో ఒకరి చేత భయపడిన గొంతుతో అబద్ధపు కాల్ చేయించి, వాచ్ రూమ్ వాళ్ళు ఎంత రాబట్టారో చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఆ ఫోన్‌లోనే 108కి, కరెంటు వాళ్ళకు సమాచారం వెళ్ళాలి. సబ్‌స్టేషన్ ఆపరేటర్ నంబరు, ఆ ఫీడరు లైన్‌మన్ నంబరు చేతికందేలా ఉండాలి. అది అందకపోతే 1912.

పొద్దున్నే బండి

డ్యూటీ మారగానే రోల్ కాల్, ఆ వెంటనే బండి. సంతకం పెట్టడానికి చేసే తనిఖీ వేరు, ఈ బండి ఈ రాత్రి నా ప్రాణం మోస్తుందనుకుని చేసే తనిఖీ వేరు.

స్టార్ట్ చేసి ఎయిర్ ప్రెషర్ ఎంతసేపట్లో ఎక్కుతుందో చూడండి. పెద్ద బండ్లకు గాలి ఎక్కేదాకా బ్రేకు వదలదు. రాత్రంతా ఎక్కడో సన్నగా లీకైతే బెల్లు మోగాక రెండు మూడు నిమిషాలు షెడ్డులోనే ఇంజిన్ రేజ్ చేస్తూ నిలబడాలి. బ్యాటరీ, డీజిల్, టైర్లు, సైరన్, సెర్చ్‌లైటు చూడండి. ట్యాంకు మూత తీసి కంటితో చూడండి, గేజ్‌ను నమ్మొద్దు. ట్యాంకు నిండా ఉండాలి. సగం నీళ్ళతో మలుపు తిరిగితే లోపల నీళ్ళు ఒక పక్కకు కొట్టి బండిని పడేయగలవు.

పీటీఓ (ఇంజిన్ శక్తిని పంపుకు కలిపే గేరు) వేసి పంపు తిప్పండి. వారానికోసారి నీళ్ళు లేకుండా వాక్యూమ్ పరీక్ష చేయండి. మూతలన్నీ బిగించి, గాలి తీసే ప్రైమర్ నడిపి, గేజ్ ముల్లు బాగా దిగాక ఆపి ఒక నిమిషం చూడాలి. ముల్లు అక్కడే నిలిస్తే నిశ్చింత. గబగబా వెనక్కి వస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది. నూటికి తొంభైసార్లు అది ఎండిపోయిన ఒక రబ్బరు వాషరు. గొట్టాలు కలిపే కప్లింగ్ వాషర్లు నాలుగు ఎప్పుడూ జేబులో పెట్టుకోండి. నేను రిటైరైన రోజు యూనిఫాం జేబులో కూడా రెండున్నాయి.

హోస్ గొట్టాలు 63 మి.మీ.వి, ఒక్కోటి 15 మీటర్లు ఉంటాయి. వాడని గొట్టాలను కూడా నెలకోసారి విప్పి మడత మార్చి చుట్టాలి. ఒకే మడతలో ఆరునెలలు పడుంటే సరిగ్గా అక్కడే చిరుగుతుంది.

డ్రిల్: రోజూ కొంచెం, గడియారం పెట్టి

నెలకోసారి పెద్ద మాక్ డ్రిల్ పెట్టి ఫొటోలు తీసుకోవడం కన్నా రోజూ నలభై నిమిషాలు చేసే చిన్న డ్రిల్ మనిషిని మారుస్తుంది. మెలకువ పూర్తిగా రాకముందే చేతులు పని మొదలుపెట్టాలి. అది చూసి నేర్చుకుంటే వచ్చేది కాదు.

మొదటి పదిహేను రోజులు హోస్ డ్రిల్ ఒక్కటే చేయించండి. గొట్టం విప్పడం, మెలి పడకుండా పరవడం, కప్లింగ్ టక్కుమనేదాకా నెట్టి ఒకసారి వెనక్కి లాగి చూడటం, బ్రాంచ్ (నాజిల్ బిగించే గొట్టం చివరి పైపు) పట్టుకోవడం, "వాటర్ ఆన్" అని చెయ్యి ఎత్తడం. బెల్లు నుంచి నీళ్ళు వచ్చేదాకా ఎన్ని సెకన్లో పలక మీద రోజూ రాయండి. ఎవరితోనూ పోటీ వద్దు, నిన్నటి తమ టైముతోనే పోటీ. వేగం వచ్చాక అదే డ్రిల్ రాత్రి లైట్లు ఆపేసి చేయించండి. ఆ తర్వాత ఒక మనిషిని తగ్గించి చేయించండి. చిన్న స్టేషన్‌లో ఎవరో ఒకరు లేని రోజులే ఎక్కువ.

బ్రాంచ్ పట్టేవాడికి రెండు సంగతులు నూరిపోయాలి. నీళ్ళు వచ్చేటప్పుడు వెనక్కి తంతుంది, కాబట్టి కాళ్ళు ముందూవెనకా ఉండాలి, వెనక రెండో మనిషి ఉండాలి. ఆపేటప్పుడు నెమ్మదిగా మూయాలి. టక్కున మూస్తే ఆ దెబ్బ గొట్టంలో వెనక్కి వెళ్ళి కప్లింగ్‌నో పంపునో కొడుతుంది. పంపు దగ్గరివాడికి కూడా ఇదే మాట: డెలివరీ వాల్వు మెల్లగా తిప్పు. నీళ్ళు పోకుండా పంపు ఊరికే తిరుగుతుంటే లోపలి నీళ్ళు వేడెక్కి సీళ్ళు పాడవుతాయి, అందుకని కొంచెం నీటిని ట్యాంకులోకి తిరిగి పోనివ్వాలి.

సక్షన్ డ్రిల్‌కు వారంలో ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. దాన్ని స్టేషన్ ఆవరణలో కాదు, రిజిస్టరులో రాసిన చోట్ల చేయాలి, ప్రతి వారం ఒక కొత్త చెరువు దగ్గర. బండి ఆగినప్పటి నుంచి నీళ్ళు ఎక్కడం మొదలయ్యేదాకా టైము చూడండి. మాకు మొదట్లో పదకొండు నిమిషాలు పట్టేది. నాలుగు నెలల్లో నాలుగున్నరకు వచ్చింది. కొత్త పరికరం ఏదీ రాలేదు. ఎవరు గొట్టం దించాలి, ఎవరు స్ట్రెయినర్‌కు (గొట్టం చివరి జల్లెడకు) బుట్ట తొడగాలి, ఎవరు తాడు కట్టాలి అన్నది తేలిపోవడం వల్లే వచ్చింది. స్ట్రెయినర్ పూర్తిగా మునిగి ఉండాలి, బురదలో కూరుకోకూడదు. గొట్టం పంపు వైపు ఎత్తుగా ఉండాలి, మధ్యలో వంపు లేస్తే అక్కడ గాలి చేరుతుంది.

తాడు ముడులు నాలుగైదు చాలు, కానీ కళ్ళకు తువ్వాలు కట్టుకుని వేయగలగాలి. మనిషిని దించడానికి చెయిర్ నాట్, నడుముకు బోలైన్, స్తంభానికి క్లవ్ హిచ్. మా స్టేషన్ పిల్లలకు తాడు మీద నమ్మకం నేర్పింది ఒక కల్లుగీత కార్మికుడు. మోకు కట్టుకుని తాడిచెట్టు ఎలా ఎక్కుతాడో రెండు రోజులు వచ్చి చూపించాడు. మీ ఊళ్ళో పడవవాళ్ళు, గీతకార్మికులు, లారీ లోడు కట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళను పిలిచి నేర్చుకోవడం చిన్నతనం కాదు.

మన దగ్గర తగలబడేవి ఏమిటో, వాటికే సాధన

ట్రైనింగ్‌లో ఎత్తైన భవనాల గురించి చాలా చెప్తారు. చిన్న ఊళ్ళో వచ్చే కాల్స్ వేరు.

తాటాకు ఇళ్ళ పేట అంటుకుంటే మొదట చూడాల్సింది గాలి ఎటు వీస్తోందని. పూర్తిగా అంటుకున్న ఇంటి మీద నీళ్ళు పోస్తే ట్యాంకు పోతుంది, ఇల్లు దక్కదు. గాలివాటున ఉన్న తర్వాతి ఇళ్ళ కప్పులు తడపాలి, హుక్కులతో ఆకు లాగి కింద పడేయాలి, మధ్యలో ఖాళీ చేయాలి. ఇది చెప్పడం తేలికే. తన ఇల్లు కాలిపోతున్న మనిషి కాళ్ళు పట్టుకుని బతిమాలుతుంటే బ్రాంచ్‌ను పక్కింటి వైపు తిప్పడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. అందుకే డ్రిల్‌లో ఆ పాత్ర కూడా ఎవరో ఒకరి చేత వేయించండి. ఒక మనిషి ఆయన భుజం మీద చెయ్యి వేసి మాట్లాడాలి, మిగతావాళ్ళు పని ఆపకూడదు. లోపల మనుషులున్నారంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాలి. ముందు మనిషి. పశువుల పాక అయితే పలుపులు కోయడానికి కొడవలి బండిలో ఉండాలి. ముడి విప్పే టైము ఉండదు.

గడ్డిమేటు పైన ఆరిపోయినట్టు కనిపిస్తుంది, లోపల రెండు రోజులు రాజుకుంటుంది. జేసీబీ పిలిపించి విడదీయించి, చిన్న నాజిల్‌తో తడుపుతూ పోవాలి. పత్తి బేళ్ళూ అంతే. వదిలి వచ్చేస్తే తెల్లవారి మళ్ళీ అదే ఊరికి వెళ్తారు.

వంటగ్యాస్ గాలికన్నా బరువైనది, నేల మీద, కాలవల్లో పరుచుకుంటుంది. అంటుకోకుండా లీకవుతున్న చోట స్విచ్ వేయకూడదు, ఆపకూడదు కూడా. తలుపులు తెరవాలి, చుట్టుపక్కల పొయ్యిలు ఆర్పించాలి, గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కి చెప్పాలి. రెగ్యులేటర్ దగ్గర మండుతున్న సిలిండర్‌కు వాల్వు అందితే తడిగుడ్డ వేసి కట్టేయొచ్చు. వాల్వు కట్టలేనప్పుడు మంట ఒక్కటి ఆర్పితే గ్యాస్ గదంతా నిండి ఇంకా పెద్ద ప్రమాదమవుతుంది. సిలిండర్ ఒంటినే మంట నాకుతుంటే దూరంగా, గోడ చాటు నుంచి పై భాగం మీద నీళ్ళు చల్లుతూ చల్లబరచాలి. చప్పుడు పెరుగుతుంటే అందరినీ వెనక్కి తీసుకురావాలి. 14.2 కిలోల ఖాళీ సిలిండర్‌తో ఇది ప్రతి ఒక్కరి చేత సాధన చేయించండి.

మా కోనసీమ వాళ్ళకు గ్యాస్ అంటే సిలిండర్ ఒక్కటే కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుటై (అదుపు తప్పి ఎగజిమ్మి) అరవై ఐదు రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో పైపులైన్ నుంచి పరుచుకున్న గ్యాస్ అంటుకుని ఇరవైమందికి పైగా చనిపోయారు. మీ పరిధిలో పైపులైన్ పోతుంటే దాని పసుపు రాళ్ళు ఎక్కడెక్కడున్నాయో, కంట్రోల్ రూమ్ నంబరేమిటో రాసుకోండి. గ్యాస్ వాసన అని కాల్ వస్తే బండి గాలికి ఎదురుదిక్కున, అంటే గాలి మన వైపు నుంచి లీకు వైపు వీచేలా, చాలా దూరంలో ఆపాలి. మన ఇంజినే నిప్పురవ్వ కావచ్చు.

కరెంటు ఉన్నచోట లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్‌లో సరఫరా ఆపించడం) తీసుకున్నానని నోటితో చెప్పేదాకా నీళ్ళు కొట్టొద్దు. చెప్పాక కూడా ఇన్వర్టరు, జనరేటరు, ఇంటి మీద సోలార్ ఉన్నాయేమో అడగండి.

హైవే ఉంటే బస్సులు గుర్తుంచుకోవాలి. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర వోల్వో బస్సులో నలభై ఐదుమంది కాలిపోయారు. ఏసీ బస్సు అద్దాలు ఎక్కడ కొడితే పగులుతాయో (మధ్యలో కాదు, మూల దగ్గర), ఎమర్జెన్సీ తలుపు ఏ వైపు, బ్యాటరీ స్విచ్ ఎక్కడ, ఇవన్నీ డిపోకు వెళ్ళి ప్రతి మోడలూ చూసి రండి. డ్రైవర్లూ మెకానిక్‌లూ మనకన్నా బాగా చెప్తారు.

నీళ్ళలో, గోతుల్లో

మునిగిపోతున్న మనిషిని కాపాడే వరస ఇది: ముందు కర్ర అందించు, అందకపోతే తాడో ట్యూబో విసురు, తర్వాత పడవ, ఇవేవీ కుదరనప్పుడే ఈత. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ దిగకూడదు, ఎంత ఈతగాడైనా. వరద వచ్చే ముందే, జూన్‌లో, రబ్బరు పడవలో గాలి నింపి ఒక రాత్రంతా ఉంచి చూడండి.

పాత బావి, సెప్టిక్ ట్యాంకు కాల్స్‌లో చనిపోయేది చాలాసార్లు మొదటి మనిషి ఒక్కడే కాదు, అతన్ని కాపాడదామని దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా. అందులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు, కాబట్టి వాసన లేదు కదా అని దిగకూడదు. బీఏ సెట్ (వీపు మీద గాలి సిలిండర్, ముఖానికి మాస్కు ఉండే శ్వాస పరికరం) తొడుక్కోకుండా, నడుముకు తాడు లేకుండా, పైన పట్టుకునే మనుషులు లేకుండా ఎవరూ దిగరాదు. అక్కడున్న బంధువులను ముందు ఆపండి, అవసరమైతే గట్టిగా పట్టుకుని ఆపండి.

ఊపిరి, ఒళ్ళు

బీఏ సెట్‌లో 6 లీటర్ల సిలిండర్‌ను 300 బార్‌కు నింపితే 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల లెక్కన 45 నిమిషాలు. బరువు మోస్తూ మెట్లెక్కేవాడు అంతకన్నా చాలా ఎక్కువ పీలుస్తాడు. ఒక్కొక్కరి చేత సెట్ తొడిగించి, ఇసుక బస్తా మోయిస్తూ స్టేషన్ చుట్టూ తిప్పి, అసలు ఎంతసేపు వచ్చిందో అతని పేరు పక్కన రాయండి. యాభై బార్ల దగ్గర విజిల్ మోగుతుంది. విజిల్ మోగేసరికి బయట ఉండాలి, అప్పుడు బయల్దేరితే ఆలస్యమే.

గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతుక్కోదు, పొగ లోపలికి వస్తుంది. కార్తీకంలో మా స్టేషన్‌లో ఇద్దరు ముగ్గురు అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళు. ఆ నలభై ఒక్క రోజులు వాళ్ళకు పంపు దగ్గర, లేదా లోపలికి వెళ్ళినవాళ్ళ గాలి లెక్క చూసే బీఏ కంట్రోల్ బోర్డు దగ్గర డ్యూటీ వేసేవాళ్ళం. దీక్షా చెడలేదు, ప్రాణానికీ ముప్పు రాలేదు. ఇలాంటివి డ్యూటీ చార్టు వేసేటప్పుడే చూసుకోవాలి.

సీపీఆర్ అందరికీ రావాలి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్ళకు ఐదారు సెంటీమీటర్ల లోతు, ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పారనివ్వాలి. సిరా, పసుపు, టూత్‌పేస్ట్ పూయడానికి జనం పరిగెత్తుకొస్తారు, మర్యాదగా ఆపండి.

మే నెల మధ్యాహ్నం మందపాటి కోటు వేసుకుని పనిచేసే మనిషికి మంట కన్నా ముందు వడదెబ్బ తగలొచ్చు. బండిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, మంచినీళ్ళ క్యాను ఎప్పుడూ ఉండాలి, ఇరవై నిమిషాలకోసారి మనిషిని మార్చాలి. ఇంకొకటి. చిన్నపిల్లలు చనిపోయిన కాల్ నుంచి తిరిగొచ్చాక ఎవరూ ఒంటరిగా బ్యారక్‌లోకి వెళ్ళి పడుకోకూడదు. టీ పెట్టుకుని అందరూ కూర్చుని జరిగింది చెప్పుకోవాలి. మా రోజుల్లో దీన్ని ఎవరూ ట్రైనింగ్ అనలేదు. ఇది ట్రైనింగే.

ఊరి వాళ్ళను కలుపుకోవడం

మనం చేరేలోపు అక్కడుండేది ఊరి వాళ్ళే. ఊరికి ఐదుగురు కుర్రాళ్ళను ఎంచుకుని, గాలివాటు చూడటం, ఆకు లాగడం, మెయిన్ ఆపడం, బండికి దారి ఇప్పించడం నేర్పండి. విపత్తుల్లో సాయానికి వాలంటీర్లను తయారుచేసే ఆపద మిత్ర పథకంలో శిక్షణ పొందినవాళ్ళు మీ మండలంలో ఉంటే వాళ్ళను మొదట పిలవండి. దీపావళి టపాసుల దుకాణాల మధ్య మూడు మీటర్ల దూరం, ఇళ్ళకు యాభై మీటర్ల దూరం, ఎదురెదురుగా దుకాణాలు లేకపోవడం, ఇవి ముగ్గు వేసే రోజే వెళ్ళి చూడాలి. షెడ్లు వేశాక తీయమంటే గొడవలవుతాయి.

తిరిగొచ్చాక

ఎంత అలసిపోయినా మొదట ట్యాంకు నింపాలి, వీలైతే వచ్చే దారిలోనే. తర్వాత బురద గొట్టాలు దించి, ఆరిన గొట్టాలు ఎక్కించాలి. బీఏ సిలిండర్ మార్చాలి. డీజిల్ చూడాలి. పోయిన వాషరు, వంగిన హుక్కు, ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలింది, ఏ గేటు తాళం దొరకలేదు, ఏ వీధిలో బండి పట్టలేదు, అన్నీ ఆ రాత్రే రాయాలి. నీళ్ళ రిజిస్టరులో ఏదైనా మారి ఉంటే ఆ లైను దిద్దాలి. అప్పుడు డ్రైవరు వాచ్ రూమ్ కిటికీ దగ్గరికి వెళ్ళి "బండి రెడీ" అంటాడు, వాచ్ రూమ్ మనిషి టైము వేసి సంతకం పెడతాడు. స్నానాలు ఆ తర్వాతే.